ఫాతెన్ హమామా – నైలు తీరపు నటీమణి



ఈసారి టపా మన కవులను గురించీ కాదు, వ్యాకరణాన్ని గురించీ కాదు. సముద్రాలకు ఆవల పుట్టి పెరిగిన ఒక నటిని గురించి. తెలుగు పండితుడికి ఈజిప్టు సినిమాలతో ఏమి పని అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక విద్యార్థి కువైటులో ఇరవయ్యేళ్ళకు పైగా పనిచేశాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఖర్జూరాలో, అత్తరు సీసాయో తెచ్చి ఇచ్చేవాడు. ఒకసారి మాత్రం నాలుగైదు డివిడీలు నా చేతిలో పెట్టాడు. “సార్, మా రూముల ఈజిప్టోళ్ళు గూడ ఉండేటోళ్ళు. ఈమె సినిమా టీవీల వచ్చిందంటే ఒక్కడు నోరు తెరవకపోయేటోడు. మీరు సూడాలె” అన్నాడు. అరబ్బీలో అక్షరం ముక్క రాయలేడు గాని, వినికిడి చేత ఆ భాష వాడికి బాగా పట్టుబడింది. తెర అడుగున పడే ఇంగ్లీషు అక్షరాలు నేను కూడబలుక్కునేలోపే మాయమవుతుంటే, పక్కన కూర్చుని వాడే నాకు అర్థం చెప్పాడు. ఏళ్ళ తరబడి నేను వాడికీ, వాడివంటి పిల్లలకూ పద్యాలకు ప్రతిపదార్థం చెప్పాను. ఆ నాలుగు రోజులూ వాడు నాకు టీకా తాత్పర్యాలు చెప్పాడు.

ఆమె పేరు ఫాతెన్ హమామా. పేరు చెప్పగానే మా ఇంట్లో అందరికీ హమామ్ సబ్బు గుర్తుకు వచ్చింది. సబ్బు పేరుకు మూలం ‘హమ్మామ్’, అంటే స్నానశాల. ఈమె ఇంటిపేరు ‘హమామా’, అంటే పావురం. ‘ఫాతెన్’ అంటే మనోహరమైనది. నైజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న మా నాయన పుణ్యమా అని ఇటువంటి మాటలు కొన్ని నా చెవిలో మిగిలిపోయాయి. వాటి అవసరం ఈమె సినిమాల పేర్లు చదివేటప్పుడు పడింది. దుఆ, హరామ్, హల్ – ఈ మూడు మాటలూ ఆమె మూడు ప్రసిద్ధ చిత్రాల పేర్లలో ఉన్నాయి. మూడూ మా ప్రాంతపు పెద్దల నోళ్ళలో నలిగినవే.

ఆమె జననం 1931 మే 27. బాల్యం నైలునది పాయల నడుమనున్న మన్సూరా పట్టణంలో గడిచింది. తండ్రి విద్యాశాఖలో చిరుద్యోగి. ఆరేళ్ళ వయస్సులో తండ్రితో కలిసి సినిమాకు వెళితే, తెర మీది కథానాయిక ఆసియా దాగిర్‌ను చూసి హాలులో అందరూ చప్పట్లు కొట్టారట. ఆ చప్పట్లు తనకే కొడుతున్నట్లుంది అని ఆ పిల్ల తండ్రితో అన్నదని చెబుతారు. తరువాత ఒక అందాల పిల్లల పోటీలో ఆమె గెలవడం, తండ్రి ఆమె ఛాయాచిత్రాన్ని దర్శకుడు ముహమ్మద్ కరీమ్‌కు పంపడం, ఆయన ‘యౌమ్ సయీద్’ (శుభదినం, 1940) అనే చిత్రంలో వేషం ఇవ్వడం వరుసగా జరిగిపోయాయి. ఆ చిత్రంలో నాయకుడు ముహమ్మద్ అబ్దుల్ వహ్హాబ్. అరబ్బు దేశాలన్నిటా ఆరాధింపబడిన గాయకుడూ, స్వరకర్తా. అంతటివాని పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల తడబాటు లేకుండా మాటలు చెప్పింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైనది 1932లో. ఈజిప్టు తొలి టాకీ ‘ఔలాద్ అల్ జవాత్’ వచ్చిందీ 1932లోనే. తెలుగూ, ఈజిప్టు అరబ్బీ ఒకే ఏట తెర మీద నోరు విప్పాయన్నమాట. మనవాళ్ళు పురాణాన్నీ పద్యనాటకాన్నీ పట్టుకొని బయలుదేరితే, వాళ్ళు యూసుఫ్ వహ్బీ నాటకశాలలోని కన్నీటి కథలనూ, గాయకుల పాటలనూ పట్టుకొని బయలుదేరారు. 1935లో తలాత్ హర్బ్ అనే జాతీయవాది తన మిస్ర్ బ్యాంకు పక్షాన స్టూడియో మిస్ర్ తెరిపించాడు. ఆంగ్లేయుల నీడలో ఉన్న దేశం తన బ్యాంకును తాను పెట్టుకొని, ఆ బ్యాంకు చేత సినిమా స్టూడియో కట్టించడం నాకు ముచ్చటగా తోచింది. ఈజిప్టు మాండలికం మొరాకో మొదలు ఇరాక్ దాకా అందరికీ అర్థమవుతుందంటే, అందుకు ఆ సినిమాలూ, కైరో రేడియోలోని పాటలూ చాలా వరకు కారణం.

1940ల చివరనుంచీ 50ల తొలి రోజులదాకా ఫాతెన్ వేసిన వేషాల్లో అధికభాగం ఒకే అచ్చులో పోసినవి. అమాయకురాలు, అనాథ, మోసపోయిన పిల్ల, చివరి రీలుదాకా కన్నీరు. అభిమానులు ఏమనుకున్నా సరే, ఆ తొలి చిత్రాలు చూడగా చూడగా విసుగు పుట్టించాయి. ఆ ముఖంలో ఒక గుణం మాత్రం అప్పుడే కనబడుతుంది. ఏడుపు వచ్చే ముందటి క్షణం ఆమె దగ్గర ఏడుపు కంటె ఎక్కువ సేపు నిలుస్తుంది. తరువాతి ముప్పై ఏళ్ళ నటనకు అదే మూలధనమైంది.

1947లో, పదహారేళ్ళ ప్రాయంలో, దర్శకుడు ఇజ్జుద్దీన్ జుల్ఫికార్‌ను పెండ్లాడింది. వారికి నాదియా అనే కుమార్తె. ఆ వివాహం 1954లో ముగిసింది. ఆ ఏడే యూసుఫ్ షాహీన్ తీసిన ‘సిరా ఫిల్ వాదీ’ (లోయలో పోరాటం) విడుదలైంది. చెరకు రైతులకూ, జమీందారు పాషాకూ నడుమ జరిగే కథ అది. రైతుల చెరకు తన చెరకు కంటె మేలైనదని ఓర్వలేక పాషా ఊరిని నీట ముంచుతాడు. ఫాతెన్ పాషా కూతురు. ఆమె పక్కన నాయకుడిగా అలెగ్జాండ్రియా కుర్రవాడొకడు తొలిసారి తెరకెక్కాడు. అసలు పేరు మిషెల్ షల్హూబ్. తరువాత ఇస్లాం స్వీకరించి, ఫాతెన్‌ను పెండ్లాడి, ఒమర్ షరీఫ్ అనే పేరుతో లోకమంతా తిరిగాడు. నా కాలేజీ రోజుల్లో ‘మెకన్నాస్ గోల్డ్’ చూడనివాడు మా హాస్టలులో లేడు. అందులో బంగారం కోసం పడిచచ్చే కొలరాడో అనే దొంగ ఇతడే. మగని ముఖం మన పట్టణాల్లో నాలుగు ఆటలూ ఆడింది. అరబ్బు ప్రపంచంలో అతని కంటె పెద్దపేరైన భార్య సంగతి మనకు తెలియనే తెలియదు. వారిద్దరూ 1974లో చట్టరీత్యా విడిపోయారు. అంతకు చాలా ముందే ఆయన హాలీవుడ్డుకూ, ఆమె కైరోకూ అంకితమైపోయారు.

ఇక అసలు విషయానికి వస్తాను. నన్ను ఈ వ్యాసం రాయించినవి ప్రధానంగా మూడు చిత్రాలు.

మొదటిది ‘దుఆ అల్ కరవాన్’ (1959). కరవాన్ అనేది రాత్రిపూట ఎడారి అంచుల్లో దీనంగా అరిచే ఒక పక్షి. దుఆ అంటే పిలుపు, ప్రార్థన. ఇంగ్లీషులోకి తెచ్చినవారిలో కొందరు దీన్ని నైటింగేలును చేశారు. మన చక్రవాకాన్ని అనువాదకుడెవడైనా చిలుక చేస్తే మనకెలా ఉంటుందో అలా ఉంటుంది ఆ పని. మూలం తాహా హుసేన్ 1934లో వెలువరించిన నవల. ఆయన పసితనంలోనే చూపు కోల్పోయాడు. పల్లెటూరి ఖురాన్ బడి నుంచి అల్ అజ్‌హర్‌కూ, అక్కడినుంచి పారిస్ సొర్బాన్ విశ్వవిద్యాలయానికీ వెళ్ళి డాక్టరేటు పట్టా తెచ్చుకున్నాడు. 1950లో విద్యామంత్రియై మాధ్యమిక విద్యను ఉచితం చేశాడు. చదువు నీటివలె, గాలివలె అందరికీ అందాలన్నది ఆయన వాదం. ఉపాధ్యాయ వృత్తిలో బ్రతికినవాణ్ణి గనుక ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగకుండా ముందుకు పోలేను.

కథ ఇది. పరస్త్రీ వ్యామోహంతో ప్రాణం పోగొట్టుకున్న తండ్రి వలన పరువు పోయిందని, మేనమామ ఒక తల్లినీ ఇద్దరు కూతుళ్ళనూ ఊరినుంచి వెళ్ళగొడతాడు. ముగ్గురూ పట్నంలో ఇళ్ళల్లో పనికి కుదురుతారు. పెద్దది హనాదీ ఒక ఇంజనీరు ఇంట్లో పనిచేస్తూ అతని చేతిలో చెడిపోతుంది. తల్లి ఆ సంగతి తమ్ముడికి కబురంపుతుంది. అతడు వచ్చి, అందరినీ ఊరికి తీసుకుపోతానని బయలుదేరదీసి, దారిలో హనాదీని చంపేస్తాడు. చెల్లెలు ఆమ్నా పగబట్టి అదే ఇంజనీరు ఇంట్లో పనిమనిషిగా చేరుతుంది. ఆ ఆమ్నాయే ఫాతెన్.

దర్శకుడు హెన్రీ బరకాత్ హత్య కంటె తరువాతి మౌనం మీదనే ఎక్కువ శ్రద్ధ పెట్టాడు. అక్కను చంపినప్పుడు ఆమ్నా గుండెలు బాదుకోదు. ఆ చిత్రం మొత్తం మీద ఫాతెన్ కంటి రెప్పలు చేసిన పని నోరు చేయలేదు. ఇంజనీరుకు (అహ్మద్ మజ్‌హర్ వేశాడు) కాఫీ తెచ్చి ఇస్తూ, వంచిన తల ఎత్తకుండా, చూపు మాత్రం ఎత్తి దించుతుంది. పగ ఎక్కడ ముగిసి ప్రేమ ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియదు. చూసేవారికి తెలుస్తుంది. తాహా హుసేన్ నవలలో చివరికి ఆ ఇద్దరూ దుఃఖంతోనే ఒకరికొకరు మిగులుతారు. సినిమాలో మేనమామ ఆమ్నాను కాల్చబోతే ఇంజనీరు అడ్డం వచ్చి ఆ గుండు తాను తిని చనిపోతాడు. పాపం చేసినవానికి శిక్ష పడకపోతే జనం ఒప్పుకోరని అలా మార్చారు కాబోలు. నాకు నవల ముగింపే నచ్చింది. దోషి చనిపోతే ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి పోతాడు. బ్రతికి ఉంటే ఆ చింత ప్రేక్షకుడి వెంట ఇంటిదాకా వస్తుంది.

నవలలో ఇంకొక ముచ్చట ఉంది. ఆమ్నా మొదట పనిచేసిన అధికారి ఇంట్లో, వాళ్ళ అమ్మాయితో పాటు కూర్చుని చదువు నేర్చుకుంటుంది. హనాదీకి లేనిదీ, ఆమ్నాకు ఉన్నదీ అదొక్కటే. మంత్రి కాకముందే ఆ కళ్ళులేని మనిషి ఆ సంగతి నవలలో రాసిపెట్టాడు.

రెండవది ‘అల్ హరామ్’ (1965). మన దగ్గర హరామ్ అంటే తిట్టు మాటగానే ఎక్కువమందికి తెలుసు. అసలు అర్థం నిషిద్ధం, పాపం. యూసుఫ్ ఇద్రీస్ అనే వైద్యుడు 1959లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. బరకాతే దర్శకుడు. 1965 కాన్ చిత్రోత్సవపు పోటీలో ఈ చిత్రం నిలిచింది.

నైలు డెల్టాలో ‘తరాహీల్’ అనే వలస కూలీలు ఉండేవారు. సొంత భూమి లేని పేదలను గుత్తేదారు మూటగట్టినట్లు లారీల్లో ఎక్కించి దూరపు ఎస్టేట్లకు తీసుకుపోయేవాడు. పత్తి చేనులో పురుగు ఏరడం వంటి పనులు. ఎస్టేటు రైతులూ పేదలే. అయినా ఈ వచ్చినవాళ్ళను ‘గరాబ్వా’, అంటే పరాయివాళ్ళు అని ఈసడించుకునేవారు. ఒక ఉదయం కాలువగట్టున అప్పుడే పుట్టి చనిపోయిన శిశువు కనబడుతుంది. తల్లి ఎవరు? ఎస్టేటు అధికారి ఫిక్రీ ఎఫెందీ (జకీ రుస్తుం అనే మహానటుడు) వెతుకులాట మొదలుపెడతాడు. వెతికినకొద్దీ అతని కోపం కరిగిపోతుంది.

ఆ తల్లి అజీజా. భర్తకు బిల్హార్జియా. పంటకాలువల్లో నిలబడి పనిచేసే ఈజిప్టు రైతులను తరతరాలుగా పీల్చి పిప్పిచేసిన వ్యాధి అది. మంచాన పడ్డ మగడు చిలగడదుంప తినాలని ఉందన్నాడు. కోతలు అయిపోయిన చేనులో ఒక్క దుంపైనా మిగిలి ఉండకపోతుందా అని ఆమె వెళ్ళి నేల తవ్వుతుంది. అక్కడే ఆ చేని ఆసామి కొడుకు ఆమెను చెరుస్తాడు. తరువాత తొమ్మిది నెలలు ఆమె కడుపును గుడ్డతో బిగించి కట్టుకొని అందరితో పాటు పనికి పోతుంది. చీకట్లో ఒంటరిగా కంటుంది. బిడ్డ ఏడుపు ఎవరి చెవినైనా పడుతుందేమోనని నోరు మూయబోతే ఆ చేతి కిందనే ప్రాణం పోతుంది. తెల్లవారగానే మళ్ళీ పనిలో నిలబడుతుంది. జ్వరం ముదిరి చనిపోతుంది. చిలగడదుంప ఖరీదు అంతైంది.

నా తొలి ఉద్యోగం మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లెలో. దసరా సెలవులు ముగిసి బడి తెరిచేసరికి నా తరగతిలో సగం ఖాళీ. గుంపుమేస్త్రీ వచ్చి ఇంటింటికీ అడ్వాన్సులిచ్చి, తల్లిదండ్రులతో పాటు పిల్లలనూ ఎక్కడో కాలువ పనులకో, ఆనకట్ట పనులకో తీసుకుపోయేవాడు. హాజరు పట్టీలో గైర్హాజరు గుర్తు వేస్తూ పోవడమే నాకు తెలుసు. వాళ్ళు అక్కడ ఎలా ఉంటారో, ఆడవాళ్ళు ఎక్కడ కంటారో, ఎవరు చూస్తారో నేను ఎన్నడూ అడగలేదు. ముప్పై ఏళ్ళ తరువాత నలుపు తెలుపుల ఈజిప్టు సినిమాలో లారీ మీద ఇరుక్కుని కూర్చున్న ఆడవాళ్ళను చూసినప్పుడు ఆ హాజరు పట్టీ నా కళ్ళముందుకు వచ్చింది. డివిడీ ఆపమని మావాడితో చెప్పి కాసేపు వసారాలో కూర్చున్నాను. వాడేమీ అడగలేదు. వాడూ వలసపోయి వచ్చినవాడే కదా!

ఫాతెన్ అప్పటికి అరబ్బు తెరకు మకుటం లేని మహారాణి. ఆ చిత్రంలో ఆమెకు అందంగా కనబడే చిత్రీకరణ ఒక్కటి కూడా లేదు. మట్టిగొట్టుకుపోయిన నల్లబట్ట, పగిలిన పెదవులు. అజీజాకు జ్వరం వచ్చి పలవరించే ఘట్టంలో కొంత అతి ఉందనే విమర్శకులు ఉంటే నేను కాదనను. దుంప కోసం చేతులతో మట్టి తోడే ఘట్టం చూశాక ఆ అతి నాకు అడ్డం రాలేదు. నవల చివర ఇద్రీస్ ఒక చిత్రమైన సంగతి రాశాడు. నొప్పులు పడేటప్పుడు అజీజా పళ్ళబిగువున పట్టుకున్న కొమ్మ నాటుకొని చెట్టై, పిల్లలు లేని స్త్రీలు దాని ఆకులకోసం వచ్చేవారట. మన పల్లెల్లో పేరంటాలు వెలసినట్లే.

ఈ రెండింటి నడుమ 1963లో ‘అల్ బాబ్ అల్ మఫ్తూహ్’ (తెరిచిన తలుపు) వచ్చింది. లతీఫా అల్ జయ్యాత్ నవల. 1946 విద్యార్థి ఉద్యమం నుంచి 1956 సూయజ్ యుద్ధం వరకు ఒక మధ్యతరగతి అమ్మాయి తండ్రి నీడనుంచీ, తరువాత పెత్తందారీ ఆచార్యుడైన వరుడి నీడనుంచీ బయటపడే కథ. నవల చాలా గొప్పదంటారు. సినిమా కొంచెం ఉపన్యాస ధోరణిలో ఉంది. అంతకంటె నాకు ‘లా అనామ్’ (1957) ఆసక్తి కలిగించింది. తండ్రి మీది మమకారం ఈర్ష్యగా మారి సవతితల్లి కాపురం కూలదోసే కూతురి పాత్రలో ఫాతెన్ అందులో నటించింది. సాధ్వీమణి వేషాలతో పేరు వచ్చిన నటి చేయవలసిన సాహసం అది. అటువంటివి మరికొన్ని చేసి ఉంటే బాగుండేది. ఆమె తన పాత్రల శీలాన్ని అతిజాగ్రత్తగా కాపాడుకుంది. అది ఆమె గౌరవానికి మేలే చేసింది, నటనకు మాత్రం కొంత కంచె వేసింది.

1966లో ఆమె దేశం విడిచి వెళ్ళింది. నాసర్ ప్రభుత్వపు గూఢచారి విభాగం తన మీద తెచ్చిన ఒత్తిడే అందుకు కారణమని తరువాత ఆమే చెప్పింది. నాసర్ ఆమె కళను మెచ్చినవాడే, తిరిగి రమ్మని పెద్దల చేత చెప్పించినవాడే. అయినా ఆమె లండన్‌లోనూ, బేరూత్‌లోనూ కాలం గడిపింది. 1970లో నాసర్ మరణించాడు. 1971లో ఆమె కైరోకు తిరిగి వచ్చింది. పాలకులు ఎంత పెద్దవారైనా కళాకారిణి తలుపు తట్టే వేళ ఒకటుంటుంది, తట్టకూడని వేళ ఒకటుంటుంది.

తిరిగి వచ్చిన ఫాతెన్ వేరు. నలభై దాటింది. ‘ఇంబరాతూరియ్యత్ మీమ్’ (1972) అనే సరదా చిత్రంలో ఆరుగురు పిల్లల తల్లిగా, ఉద్యోగిగా వేసింది. పిల్లలందరి పేర్లూ ‘మ’ అక్షరంతో మొదలవుతాయి. అమ్మ నిరంకుశత్వం చాలించాలని వాళ్ళు ఇంట్లో ఎన్నికలు పెట్టమంటారు. పెడితే అమ్మే గెలుస్తుంది. నాసర్ పోయిన రెండేళ్ళకు ఈ ఎన్నికల హాస్యం వచ్చిందని గుర్తుంచుకుంటే నవ్వు ఇంకొంచెం ఎక్కువ వస్తుంది.

మూడవది ‘ఉరీదు హల్లన్’ (1975). నాకు పరిష్కారం కావాలి అని అర్థం. ఉర్దూలో లెక్కలు చేసిన మా నాయనకు ‘హల్’ అంటే లెక్కకు జవాబు. ఈ చిత్రంలోని లెక్కకు జవాబు రావడానికి పాతికేళ్ళు పట్టింది.

హుస్న్ షాహ్ అనే పత్రికా రచయిత్రి రాసిన కథ. సయీద్ మర్జూక్ దర్శకుడు. దుర్రియా రాయబార శాఖ అధికారి భార్య. ఇరవై ఏళ్ళ కాపురం తరువాత ఇక ఈ మనిషితో ఉండలేనంటుంది. భర్త (రుష్దీ అబాజా) తలాక్ ఇవ్వనంటాడు. భర్త ఒక్క మాటతో విడిచిపెట్టవచ్చు. భార్య విడిపోవాలంటే కోర్టుకెక్కి, తనకు హాని జరిగిందని సాక్షులతో రుజువు చేయాలి. పైగా ‘బైత్ అత్తాఆ’, అంటే విధేయతా గృహం అనే పద్ధతి ఒకటి. ఇల్లు విడిచిన భార్య తిరిగి వచ్చి తనకు విధేయురాలై ఉండాలని భర్త కోర్టు ద్వారా కోరవచ్చు. నాలుగేళ్ళు దుర్రియా కోర్టు మెట్లెక్కి దిగుతుంది. భర్త దొంగసాక్షులను తెస్తాడు. చివరికి ఆమె ఓడిపోతుంది. అంతే కథ.

బలమంతా ఆ కోర్టు వరండాలో ఉంది. బల్లల మీద ఏళ్ళ తరబడి వాయిదాల కోసం కూర్చున్న ఆడవాళ్ళ గుంపులో, పట్టుచీర వంటి నాగరికతతో వచ్చిన దుర్రియా మొదట ఎడంగా కూర్చుంటుంది, పోను పోను వాళ్ళలో కలిసిపోతుంది. అమీనా రిజ్క్ అనే వృద్ధనటి అక్కడ ఒక ముసలామెగా కనబడుతుంది. జీవితమంతా కాపురం చేసిన తరువాత మగడు వదిలేశాడు. అప్పటి చట్టం ప్రకారం ఒక ఏడాది భరణం, ఆ తరువాత బజారు. ఆ పాత్ర తెర మీద ఉన్నది కొద్దిసేపే. ఫాతెన్ ఆ సన్నివేశాల్లో తన నటనను పూర్తిగా వెనక్కు తీసుకొని, ఆ ముసలామె మాట వింటూ ఊరుకుంటుంది. ఎదుటివారికి చోటివ్వడం పెద్దనటులకు గాని చేతకాదు.

సినిమా వచ్చి చాలా చర్చ లేపింది. 1979లో సాదాత్ అధ్యక్ష ఉత్తర్వు ద్వారా 44వ నంబరు చట్టం తెచ్చాడు. విడిచిపెట్టబడిన భార్యకు అదనపు పరిహారం, పిల్లలతో ఉండడానికి ఇల్లు, భర్త రెండో పెళ్ళి చేసుకుంటే విడిపోయే హక్కు అందులోని ముఖ్యాంశాలు. సాదాత్ భార్య పేరు మీద దాన్ని జనం ‘జిహాన్ చట్టం’ అన్నారు. పార్లమెంటు లేని సమయంలో ఉత్తర్వుగా తెచ్చిన పద్ధతి చెల్లదని 1985లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది. అదే ఏడు కొన్ని హక్కులు తగ్గించి మరో చట్టం చేశారు. 2000లో వచ్చిన 1వ నంబరు చట్టం ‘ఖుల్అ’ పద్ధతిని తెచ్చింది. తన ఆర్థిక హక్కులు వదులుకొని, తీసుకున్న మహర్ తిరిగి ఇచ్చేస్తే, భర్త ఒప్పుకోకపోయినా భార్య విడాకులు పొందవచ్చు. అంటే దుర్రియాకు జవాబు దొరికింది, కాని రొక్కం చెల్లించి కొనుక్కోవాలి.

ఒక సినిమా చట్టాన్ని మార్చిందని ఈజిప్టువారు గర్వంగా చెప్పుకుంటారు. నేను అంతదూరం పోను. ఆ దేశపు స్త్రీలు అర్ధశతాబ్దంగా చేసిన పోరాటం వెనుక ఉంది. కన్యాశుల్కం నాటకం 1897లో అచ్చైనంత మాత్రాన శుల్కం మాయమైపోలేదు. కాని ఆ నాటకం తరువాత శుల్కం పుచ్చుకునేవాడికి తన పేరు అగ్నిహోత్రావధాన్లని తెలిసింది. ఈ చిత్రం కూడా ఆ పనే చేసింది. ఆ కోర్టు వరండాను అందరూ చూశారు, చూడలేదని ఇక అనలేకపోయారు.

1988లో ఖైరీ బిషారా తీసిన ‘యౌమ్ ముర్ర్, యౌమ్ హిల్వ్’ (ఒకరోజు చేదు, ఒకరోజు తీపి) లో షుబ్రా పేటలో అప్పులతో, పిల్లలతో వేగే విధవరాలు ఆయిషాగా వచ్చింది. కొత్తతరం దర్శకుడి చేతిలో తన మహారాణితనాన్ని పూర్తిగా విడిచిపెట్టింది. కూతుళ్ళ పెళ్ళి ఖర్చుకు లెక్కలు వేసే ఆమె వేళ్ళు చూస్తే మన ఇళ్ళల్లో చీటీపాటల లెక్కలు వేసే అమ్మలు గుర్తుకొస్తారు.

దూరదర్శన్ ధారావాహికల వంటివి ఈజిప్టులో మరీ ఎక్కువ. రంజాన్ నెలలో దేశమంతా వాటి ముందే కూర్చుంటుంది. 1991లో ఆమె ‘దమీర్ అబ్లా హిక్మత్’ లో బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిగా నటించింది. ‘దమీర్’ అంటే అంతరాత్మ. ‘అబ్లా’ తురుష్క భాషలో అక్క. ఈజిప్టు పిల్లలు పంతులమ్మను అబ్లా అంటారు. కొన్ని భాగాలే నాకు చూడదొరికాయి. ప్రార్థన వేళ మెట్ల మీద నిలబడి, వరుసలో ఆలస్యంగా చేరుతున్న పిల్లను చూడనట్లే చూసే ఆ చూపు నటనలో నేర్చుకున్నది కాదని ప్రమాణం చేసి చెప్పగలను. మా ప్రధానోపాధ్యాయురాలు ఒకావిడ అచ్చం అలాగే చూసేవారు.

2000లో ‘వజ్హ్ అల్ ఖమర్’ (చంద్రముఖి అనవచ్చు) అనే మరొక ధారావాహికతో ఆమె తెరమరుగైంది. 2015 జనవరి 17న, ఎనభై మూడేళ్ళ వయస్సులో కైరోలో కన్నుమూసింది. ఆరు నెలలు తిరగకుండానే, జూలై 10న, ఒమర్ షరీఫ్ కూడా కైరోలోనే మరణించాడు. చివరి నెలల్లో ఆయనకు మతిమరపు వ్యాధి ముదిరింది.

వెండితెర మీద ఆమె చివరి చిత్రం ‘అర్ద్ అల్ అహ్లామ్’ (స్వప్నభూమి, 1993). దావూద్ అబ్దుల్ సయ్యద్ దర్శకుడు. నర్గిస్ అనే పెద్దావిడ మరునాడు అమెరికా విమానం ఎక్కాలి. సంవత్సరపు ఆఖరు రాత్రి. ఆమె వెళితేనే పిల్లలకు అక్కడ స్థిరపడే దారి తెరుచుకుంటుంది గనుక వాళ్ళే ఆమె ప్రయాణానికి తొందరపడుతున్నారు. తీరా చూస్తే పాస్‌పోర్టు కనబడదు. దానికోసం రాత్రంతా కైరో వీధుల్లో తిరుగుతుంది. తాగుబోతు ఇంద్రజాలికుడొకడు (యహ్యా అల్ ఫఖరానీ) తోడవుతాడు. నవ్వుల మధ్య, వెతుకులాట మధ్య, ఇన్నాళ్ళూ పిల్లలకోసం, మగనికోసం తప్ప తనకోసం ఏదీ కోరుకోలేదని ఆమెకు మెల్లగా తెలిసివస్తుంది. చివరికి, నాకు వెళ్ళాలని లేదు అని నోరు విప్పి చెబుతుంది.

ఈ చిత్రాన్ని మావాడు లేకుండా నేనూ మా ఆవిడా ఇద్దరమే చూశాము. అర్థం కాని మాటలు చాలానే ఉన్నాయి. అర్థం కావలసినది అయింది. మా అబ్బాయి డల్లాసునుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. వచ్చే వేసవికి మీరిద్దరూ వచ్చేయండి, ఇక ఇక్కడే ఉండిపోదురుగాని, కాగితాలు నేను చూసుకుంటాను అంటాడు. మంచివాడు, ప్రేమతోనే అంటాడు. సినిమా అయిపోయాక మా ఆవిడ లేచి, దీపం వేసి, “మన పాస్‌పోర్టులు ఎక్కడ పెట్టారండీ?” అని అడిగింది. బీరువా కింది అరలో, పాత నిఘంటువు కింద ఉన్నాయని చెప్పాను. “అక్కడే ఉండనివ్వండి” అని వంటింట్లోకి వెళ్ళింది.